జీపు నొగలెత్తిన రోజు

ఏరా అబ్బాయ్, ఆ బండి నీదేనా? ముందు అంత ఎత్తుగా ఉందేంటి, తుమ్మబోతున్న గేదె మూతి ఎత్తినట్టు? ఎత్తించావా! విజయవాడ తీసుకెళ్లి మరీ ఎత్తించావా! ఎందుకూ? ఆ... స్టయిలు. సరే, స్టయిలే అనుకో, కాదన్నానా. కూర్చో, టీ చెబుతాను. ఒరే, రెండు టీలు, ఒకదాంట్లో పంచదార సగమే. నాకు కాదులే, ఆ సగం పంచదారది నువ్వు తాగు. మా కోడలికి కబురు వెళ్లేటప్పుడు ‘సగం పంచదార టీ అడిగాడు’ అని వెళ్తుంది, అంతే. అబద్ధం కాదుగా.

మన తిరువూరులో బండి ముందు ఎత్తిన మొదటివాడు రాయప్ప. నీకు తెలీదు, నువ్వు పుట్టేసరికే పోయాడు. విజయవాడ రోడ్డులో, ఇప్పుడు ఎరువుల కొట్టున్న చోట తాటాకు పాక వేసుకుని ఉండేవాడు. సన్నగా, చెరుకుగడలా ఉండేవాడు. మిలటరీ వర్క్‌షాపులో నాలుగేళ్లు పనిచేసి ఒక చెక్కపెట్టె నిండా పానాలు, సుత్తులు తెచ్చుకున్నాడు. బండి వస్తే ముందు కిందకి దూరి కమాను కట్టని సుత్తితో టింగుమని కొట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. కమాను కట్టంటే ఏంటో తెలుసుగా, ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగిస్తారే, బండి బరువంతా మోసేవి, అవి. విని, ‘ఇది ఏడుస్తోందండి, మార్చాలి’ అనేవాడు. అది ఏడుస్తోందని వీడికెలా తెలుసంటే, నాకేం తెలుసు? నేను బి.ఏ. చదివినవాణ్ణి. నాకు మొగలుల పన్నుల విధానం తెలుసు, అది ఎవరికీ అక్కర్లేదు.

మా బసవపున్నయ్య బాబాయికి ఎ.కొండూరు వైపు మామిడితోట ఉండేది. డెబ్బై మూడులో మిలటరీ వేలంలో ఒక జీపు కొన్నాడు. కొని ఊరుకున్నాడా, వెనక సగం కోయించి చెక్క తొట్టి కట్టించాడు. పికప్పు అనే మాట అప్పట్లో మాకెవరికీ తెలీదు, ‘కోసిన జీపు’ అనేవాళ్లం. ఆ తొట్టి కట్టింది ఎవరనుకున్నావ్? ఎడ్లబళ్లు చేసే వడ్రంగి. ఇంకో పది గంపలు పట్టాలని బాబాయి దాన్ని వెనక చక్రాలు దాటి రెండు మూరలు బయటికి లాగించాడు. చూడ్డానికి పంచె జారిన పెద్దమనిషిలా ఉండేది. తోట బాటేమో ఎడ్లబళ్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడి, నడిమధ్య గట్టు. పాత కమాన్లు కదా, జీపు ముందుభాగం కిందకి దిగిపోయి, ఆ గట్టుని దున్నుకుంటూ పోయేది. ‘మీ బాబాయి జీపుతో దుక్కి కూడా దున్నేస్తున్నాడే, ఇంకేం, విత్తనాలు చల్లు’ అని నన్ను ఆటపట్టించేవాళ్లు. నవ్వకు, అప్పుడు నాకు సిగ్గుగా ఉండేది.

సరే, డెబ్బై నాలుగు ఎండాకాలం, రైళ్ల సమ్మె జరిగిన ఏడు. కాయంతా లారీల మీదే పోవాలి, లారీ దగ్గరికి తొందరగా చేర్చాలి. బాబాయి జీపు తీసుకుని రాయప్ప పాకకి వచ్చాడు. ‘ఒరే రాయప్పా, ముందు ఎత్తరా’ అన్నాడు. రాయప్ప కిందకి దూరాడు, టింగుమనిపించాడు, బయటికొచ్చి, ‘కొత్త పట్టీ ఒకటి వేసి నాలుగు వేళ్లెత్తు లేపుతానండి అయ్యగారూ, సరిపోద్ది’ అన్నాడు. ‘నాలుగు వేళ్లేంట్రా, అన్నంలో నెయ్యా? జానెడు లేపు’ అన్నాడు బాబాయి. ‘జానెడు లేపితే స్టీరింగు తేలిపోద్దండి.’ అప్పుడు చెప్పాడయ్యా మా బాబాయి తన సిద్ధాంతం. ఎడ్లబండికి బరువు ముందుకొచ్చిందంటే ఏమవుద్దిరా? కాడి ఎద్దుల మెడ మీద పడుద్ది, ఎద్దులు నలుగుతాయి. అందుకని బరువు కాస్త వెనక్కి తోస్తాం, మెడ తేలికవుద్ది. మరి ఈ జీపుకి ఎద్దులేవి? ఇంజను. ఇంజనెక్కడుంది? ముందుంది. ముందు లేపితే బరువు వెనక్కి పోయి ఇంజను మెడ తేలికవుద్దా లేదా?

రాయప్ప నోరెళ్లబెట్టాడు. నిజం చెప్పనా, నాక్కూడా అది సబబుగానే వినిపించింది. మా వంశంలో ఏడు తరాలు ఎడ్ల వెనక కూర్చున్నవాళ్లం. జీపులో ఇంజను చక్రాలని తిప్పుద్దిగాని తాడు కట్టుకుని లాగదనే సంగతి మా బుర్రలోకి దిగడానికి టైం పట్టింది. రాయప్ప మాత్రం తల అడ్డంగా ఊపాడు. ‘ఎద్దుకి మెడ తేలికవ్వాలండి. దీనికి ముందు చక్రాలు నేల మీద గట్టిగా ఆనాలండి, లేకపోతే తిరగదు’ అన్నాడు. బాబాయి చటుక్కున గొంతు తగ్గించాడు. ‘శాంతయ్య మాస్టారి హన్నమ్మ సంగతి ఏమైందిరా?’ అన్నాడు. రాయప్ప చేతిలో సుత్తి కింద పడింది.

చూడు, అసలు సంగతి అదీ. శాంతయ్య మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. నాకూ చెప్పాడు, నాకు రాకపోతే తప్పు ఆయనది కాదు. ఆయన కూతురు హన్నమ్మ కుట్టుమిషను కుట్టేది. మిషను బాగుచేయించడానికని ఓసారి రాయప్ప దగ్గరికి తెచ్చింది. ఆ తర్వాత ఆ మిషను నెలకోసారి పాడయ్యేది. ఎవరు పాడుచేసేవాళ్లో అడక్కు. కానీ మాస్టారివాళ్లు లూథరన్లు, రాయప్పవాళ్లు ఆర్.సి.ఎం., అంటే కేథలిక్కులు. పైగా బళ్ల కింద పడుకునే మనిషికి పిల్లనెలా ఇస్తారు? రాయప్పకి తల్లీ తండ్రీ లేరు, అడగడానికి పెద్దదిక్కు లేదు. స్కూలు వరండా కట్టించింది మా బాబాయి, మాస్టారు ఆయన మాట తీసెయ్యడు. ‘నీ పెళ్లి మాట నేనెత్తుతా, నా బండి ముందు నువ్వెత్తు’ అన్నాడు బాబాయి. రాయప్ప తర్వాత నాతో చాలాసార్లు చెప్పాడు, ‘ఆ రాత్రంతా నిద్రపట్టలేదు బాబూ, కళ్లు మూస్తే ఒకపక్క స్టీరింగు, ఒకపక్క హన్నమ్మ’ అని. పొద్దున్నే లేచి జానెడు లేపేశాడు. లారీల పాత పట్టీలు కమ్మరి కొలిమిలో కాల్పించి వంపు తిప్పి, నాలుగేసి కలిపి, కింద ఇనప దిమ్మలు పెట్టి బిగించాడు. మిలటరీ వాళ్లు చూస్తే తుపాకీ తీసేవాళ్లు. అయిపోయాక సుత్తితో కొట్టి వినలేదట. వినబుద్ధి కాలేదన్నాడు.

టీ చల్లారిపోతోంది, తాగు. కాయ తోలింది ఏ రోజంటావా? శనివారమో ఏదో. మధ్యాహ్నం బాబాయి మాస్టారిని తోటకి పిలిచి, చెరుకురసం మామిడిపళ్లు తినిపించాడు. ఆయన పదమూడు తిన్నాడు, లెక్కల మాస్టారు కదా, టెంకలు వరసగా పేర్చుకుని తిన్నాడు. ‘దారిలో మిమ్మల్ని ఇంటి దగ్గర దింపేస్తాం రండి’ అని జీపెక్కించాడు. తోలేది రాయప్ప, మధ్యలో మాస్టారు, ఇవతల అంచున బాబాయి. వెనక నలభై గంపల కాయ, కాయ మీద నేను. నేనెందుకంటావా? నాకు అప్పుడు ఉద్యోగం లేదు, ఎవరు ఎటు పోయినా ఆ బండెక్కేవాణ్ణి. బయల్దేరగానే మాస్టారు, ‘ఏమండీ, నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడట్లేదు’ అన్నాడు. ‘మంచిదేగా మాస్టారూ, మీరు దైవభక్తులు’ అన్నాడు బాబాయి. స్టీరింగు కుడికి తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని అప్పుడు కుడికి వెళ్తోంది.

అలా అలా వాగు దాకా వచ్చాం. ఎండాకాలం, నీళ్లు పాదాల్లోతే. దాటేశాం. అవతలి ఒడ్డు నిటారుగా ఉంటుంది. సరిగ్గా ఆ ఒడ్డు ఎక్కుతున్నప్పుడే బాబాయి గొంతు సవరించుకుని మాట మొదలెట్టాడు. నాకు వెనక్కి వినిపిస్తోంది. ‘మాస్టారూ, ఈ రాయప్ప ఉన్నాడే, చాలా నిలకడైన కుర్రాడండీ. కాలు నేల మీద ఆనించి నడిచే మనిషి...’ అంతే. గంపలన్నీ ఒక్కసారి వెనక్కి జారాయి. వాటితోపాటు నేనూ జారి ఇసకలో పడ్డాను, నా మీద నాలుగు గంపల కాయ పడింది. లేచి చూద్దును గదా, జీపు ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. ఎడ్లని విప్పేసి వెనక బరువెక్కువేస్తే బండి నొగలు, కాడికి కట్టే ఆ ముందు కర్రలు, పైకి లేస్తాయి చూడు, అచ్చం అలా నొగలెత్తి నిలబడింది. తొట్టి వెనక చివర నేలకి తన్నిపెట్టుకుని ఆగింది. ముందు చక్రాలు గాల్లో తీరిగ్గా తిరుగుతున్నాయి.

మా బాబాయి ‘ఓర్నాయనో’ అని ఒక్క దూకు దూకాడు. ఆయన బరువు పోయేసరికి తొట్టి చివర ఇసకలో దిగబడి, జీపు మూతి ఇంకో మూర పైకి లేచింది! ‘మాస్టారూ, మీరు కదలొద్దండి, దణ్ణం పెడతా’ అని రాయప్ప కేక. బ్రేకు మీంచి కాలు తీస్తే మొత్తం వెనక్కి వాగులోకే. ఇంక చూడు, రాయప్ప, కాబోయే మామగారూ ఇద్దరూ పడక్కుర్చీలో పడుకున్నట్టు వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నారు. బాబాయి జనం కోసం పొలాల వెంట అరుచుకుంటూ పరిగెత్తాడు. వాళ్లొచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. నేను చక్రాల కింద రాళ్లు పెట్టి, ఆ పక్కనే నిలబడ్డాను, అందుకే అంతా విన్నాను.

మాస్టారు ఆకాశం చూస్తూనే, ‘నువ్వు ఆర్.సి.ఎం. కదూ?’ అన్నాడు. ‘అవునండి.’ ‘ఇప్పుడు మరియమ్మకి దణ్ణం పెట్టుకున్నావా?’ ‘రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయండి, మనసులో పెట్టుకున్నా.’ ‘ఊఁ. నేను యేసుప్రభువుకి పెట్టుకున్నాను. చూద్దాం ఎవరు ముందొస్తారో’ అన్నాడాయన. మళ్లీ తనే, ‘ముందు ఇంతెత్తు లేపితే ఇలా అవుద్దని నీకు తెలుసా, తెలీదా?’ అన్నాడు. క్లాసులో లెక్క తప్పినవాణ్ణి లేపి అడిగే గొంతు అది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. రాయప్ప, ‘తెలుసండి’ అన్నాడు. ‘తెలిసి ఎందుకు చేశావు?’ ‘బసవపున్నయ్యగారు మీతో ఒక మాట మాట్లాడతానన్నారండి.’ ‘ఏం మాట?’ ‘అది మాట్లాడుతుంటేనేనండి ఇది లేచింది.’

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది, ఇంక హన్నమ్మ లేదు అనుకున్నాడట రాయప్ప. కాలు తిమ్మిరెక్కి బ్రేకు ఎక్కడుందో కూడా తెలీటం లేదట.

ఈలోగా బాబాయి పదిమందిని పోగేసుకొచ్చాడు. ‘నొగలు లేస్తే ఏం చేస్తార్రా? పట్టుకు వేలాడండి!’ అన్నాడు. చెట్టుకి గబ్బిలాల్లా వాళ్లంతా ముందు బంపరుకి వేలాడారు. ధబేలుమని దిగింది జీపు. అదిగో, అక్కడ మా బాబాయి సిద్ధాంతం పనిచేసింది, కాదనకూడదు. మాస్టారు దిగి, కళ్లజోడు సరిచేసుకుని, రాతి మీద కూర్చున్నాడు. బాబాయి ఏమీ జరగనట్టే, ‘సగం కాయ దింపేసి పోనీరా, పొద్దుపోతోంది, లారీ వెళ్లిపోద్ది’ అన్నాడు. రాయప్ప దిగాడు. కుంటుకుంటూ వెళ్లి జాకీ తెచ్చాడు. ‘కదలదండి అయ్యగారూ. ఇది దించాకే కదులుద్ది.’ ‘ఒరే, కాయ మాగిపోద్దిరా!’ ‘మాగనీండి.’ ‘నా బండి మీద చెయ్యేస్తే చూడు, ఆ సంబంధం మాట నేను జన్మలో ఎత్తను!’ అని మాస్టారి ముందే అరిచేశాడు బాబాయి. రాయప్ప ఆయనవైపు చూశాడు. మాస్టారివైపు మాత్రం చూడలేదు. ‘మీ ఇష్టమండి’ అని జీపు కిందకి దూరి బోల్టులు విప్పడం మొదలెట్టాడు. తను వేసినవన్నీ ఊడదీసి, మొదట చెప్పిన నాలుగు వేళ్లెత్తుకి ఒక్కటంటే ఒక్క పట్టీ ఉంచాడు. రెండు గంటలు పట్టింది. బాబాయి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ రాయప్పనీ, మిలటరీనీ, నన్నూ తిట్టాడు. నేనేం చేశానో ఇప్పటికీ తెలీదు. ఓ అరగంట పోయాక చూస్తే శాంతయ్య మాస్టారు చేతి గడియారం తీసి జేబులో వేసుకుని, జీపు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. రాయప్ప కిందనుంచి ఇస్తున్న బోల్టులు ఒక్కొక్కటీ అందుకుని రుమాల్లో పెడుతున్నాడు, ఇసకలో పోకుండా.

లారీ వెళ్లిపోయింది. చీకటి పడేలోగా ఊళ్లోకొచ్చాం. ఇంటి దగ్గర దిగుతూ మాస్టారు, ‘రేపు ఆరాధనయ్యాక ఇంటికి రా. ఒక్కడివే రా, మధ్యలో పెద్దమనుషులెవరూ వద్దు’ అన్నాడు. రాయప్పకి సంతోషమో ఏమో, గేరు పడలేదు, జీపు అక్కడే ఆగిపోయింది.

వెళ్లాడు. తెల్లచొక్కా నాదే, నేనే ఇచ్చాను. హన్నమ్మ తలుపు తీసి, ‘మా నాన్నని ఆకాశంలో కూర్చోబెట్టింది నువ్వేనా?’ అందట. ‘నేనేనండి.’ ‘ముప్పావుగంటా?’ ‘ఆఁ.’ ‘ముప్పావుగంటలో నిన్ను ఒక్క తిట్టూ తిట్టలేదటగా? నన్ను కూరలో ఉప్పు తగ్గితే గంట వాయిస్తాడు’ అని పడీ పడీ నవ్వి, ‘రా లోపలికి’ అందట. పెళ్లి ఏ గుళ్లో అన్నది ఇంకో పంచాయితీ, అది చెబితే సాయంత్రమవుద్ది. మా బాబాయి వచ్చి ముందు వరసలో కూర్చుని, సంబంధం కుదిర్చింది నేనే అని అందరికీ చెప్పుకున్నాడు. ఎవరూ కాదనలేదు.

పంతొమ్మిదేళ్లు కాపురం చేశారు. ఇప్పుడూ వెళ్తే హన్నమ్మ కుర్చీ వేస్తుంది, నాకు చెవులు సరిగా వినపడవని గట్టిగా మాట్లాడుతుంది. రాయప్ప మాట వస్తే మాత్రం గొంతు తగ్గించేస్తుంది. అప్పుడేమంటుందో నాకు వినపడదు. మళ్లీ చెప్పమని అడగను. ఆ సుత్తి వాళ్లింట్లో గోడకి...

ఊఁ.

అవునూ, మీ నాన్న మోకాళ్లెలా ఉన్నాయిరా? ఆ గంపలగూడెం డాక్టరు దగ్గరికి వెళ్లాడా, లేదా?