బుల్లి బాయిలర్ మీద విచారణ

ఆ ఫోటో అలా నా ముఖం ముందు ఊపకండి సార్. అందులో ఉన్నది నేనే. నెత్తిన పొడుగు టోపీ, దాని మీద వెల్డింగ్ కళ్ళజోడు, చేతిలో ఈల తాడు. మా తోడికోడలు ఇప్పటికే చుట్టాలందరికీ పంపేసింది, అక్కయ్య ఉద్యోగం మానేసి సర్కస్‌లో చేరిందట అని. మానేయలేదు. ఉంటుందో ఊడుతుందో మీ చేతిలో ఉంది.

మీరు చెప్పింది అర్థమైంది. బాయిలర్ ఆ పాటగాళ్ళే తెచ్చుకున్నారు, తనిఖీ అధికారినైన నాకేమీ తెలియదు అని నాలుగు ముక్కలు రాసిస్తే నాకు మందలింపుతో సరి. వాళ్ళ మీద కేసు, హాలుకి తాళం. కాగితం బాగుంది. కానీ జరిగింది కూడా వినాలి కదా? మీరు పని నేర్చుకున్నది నా దగ్గరే, ఆ మాత్రం ఓపిక నేర్పాననే అనుకుంటున్నాను.

పాత ప్రెస్సు హాల్లో అనుమతి లేకుండా ఆవిరి యంత్రం నడుపుతున్నారని పై అంతస్తాయన ఫిర్యాదు రాశాడు. ఆదివారం మధ్యాహ్నం, ఇంకెవరూ ఫోనెత్తక నన్ను పంపారు. వెళ్ళి చూద్దును కదా, నలభై మంది పెద్ద మనుషులు పొడుగు కోట్లు వేసుకుని, గడియారం గొలుసులు వేలాడేసుకుని కూర్చున్నారు. దీన్ని స్టీమ్‌పంక్ అంటారట. కరెంటే రాకుండా లోకమంతా ఆవిరి మీద నడిచి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుని, ఆ వేషాల్లో ఆ లోకం పాటలు పాడతారు. వీళ్ళ పాటలు ఏ కంపెనీ వేయదు. వాళ్ళే రాసుకుని, వాళ్ళే వాయించుకుని, గుమ్మం దగ్గర వాళ్ళే అమ్ముకుంటారు.

ఎవరనుకున్నారు? కెప్టెన్ అని పిలిపించుకునే ఆయన వారమంతా కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. అకార్డియన్ వాయించే ఆవిడ కోర్టు బయట టైపిస్టు. కుట్టుమిషను తొక్కుతూ దాని చక్రంతో తీగలు మోగించే మహానుభావుడు మన పక్క ఆఫీసు గుమస్తానే.

స్టేజీ మీద బాయిలర్ ఉంది. అంటే, రాగి రంగు పూసిన నీళ్ళ డ్రమ్ము. మీటర్లో ముల్లు పెన్నుతో గీశారు, ఎర్రగీత దాటించి మరీ. మూత తీస్తే లోపల నాటకాల్లో పొగ వదిలే మిషను, కరెంటు ప్లగ్గుతో సహా. బాయిలర్ లేదు అని ఒక్క ముక్క రాసి వచ్చేయాల్సింది.

రాలేకపోయాను. డ్రమ్ము ముందు మూడు పళ్ళచక్రాలు బిగించారు సార్, త్రికోణంగా, ప్రతిదాని పళ్ళూ మిగతా రెండింటిలో ఇరికించి. అలా పెడితే ఈ జన్మలో ఒక్కటీ తిరగదని మీకూ తెలుసు. నాకు ఒళ్ళు మండింది. ఇది తిరగదయ్యా అన్నాను కెప్టెన్‌తో. అలంకారమే కదా మేడమ్ అన్నాడు. అలంకారమైతే మాత్రం అబద్ధం ఎందుకు అన్నాను. నాలుగోది పెడితే తిరుగుతాయా అని అడిగాడు.

ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో నేను లోపం చెబితే, ఎలా సరిచేయాలని అడిగిన మొదటి మనిషి. మిగతావాళ్ళు టీ తాగుతారా అని అడుగుతారు.

తర్వాత కూర్చుని పాటలు విన్నాను. ఒక పాటలో బాయిలర్ పొగగొట్టం మీద అలుగుతుంది, ఉడికేది నేను, ఊరంతా చూసేది నిన్ను అని. మన డిపార్టుమెంటు మీద రాసినట్టే ఉంది. మీరు నవ్వకండి, విచారణలో ఉన్నారు. పై ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆ పై ఆదివారమూ వెళ్ళాను. మా ఆయన ఆఫీసు పనేమో అనుకున్నారు. నేనూ కాదనలేదు.

ఇక మీ కాగితంలో ఉన్న బుల్లి బాయిలర్, అది వాళ్ళది కాదు. మన స్టోరు రూములోది. శిక్షణ తరగతుల్లో చూపించడానికి కొన్నది, బిందెంత ఉంటుంది, తొమ్మిదేళ్ళుగా దాని మీద ఫైళ్ళు పేరుస్తున్నారు. నేనే ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళాను. ఈల నేనే బిగించాను. నీళ్ళు నింపి రెండుసార్లు పరీక్ష చేశాను. ముల్లు మూడు మీదకి రాగానే తెరుచుకునేలా సేఫ్టీ వాల్వు అమర్చాను. వాళ్ళెవరినీ చెయ్యి వేయనివ్వలేదు. అక్కా, ఒక్కసారి తాడు లాగనివ్వు అని కెప్టెన్ బతిమాలితే, నువ్వెళ్ళి పళ్ళు చూసుకో అన్నాను.

ఫ్యాక్టరీ బాయిలర్లకి మనం మేనేజరు గదిలో ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెడతాం. మీరూ పెట్టారు, నేనూ పెట్టాను. ఈ ఊళ్ళో నిబంధనల ప్రకారం అక్షరాలా పరీక్షించింది ఆ బిందె ఒక్కదాన్నే. విచారణా దాని మీదే.

పోయిన ఆదివారం వాల్వు తెరుచుకుంది, నిజమే. మీ కాగితంలో పేలుడు అని ఉంది, ఆ మాట కొట్టేయండి. వాల్వు తన పని తాను చేసింది. జనం కుర్చీలు తన్నుకుంటూ గుమ్మం దాకా పరుగెత్తి, అది కూడా పాటలో భాగమనుకుని అక్కడ నిలబడి చప్పట్లు కొట్టారు. మోకాలు దోక్కుపోయింది ఒక్క పై అంతస్తాయనకి. టోపీ పెట్టుకుని రెండో వరసలో ఆయనకేం పనో ఆయన్నే అడగండి.

ఎందుకు తెరుచుకుందీ అంటారా?

మంట ఎక్కువైంది, పొరపాటు జరిగింది అని రాయడానికి మీ పెన్ను తొందరపడుతోంది. పొరపాటు కాదు. చివరి పాటలో ఈల ఒక్కచోట పలకాలి. ఒకే ఒక్క స్వరం. అకార్డియన్ ఆవిడ వాయింపు ఆపి నా వైపు చూస్తోంది. తాడు లాగాను. వెంట్రుకవాసి కిందుంది. ప్రెషర్ పెంచితే స్వరం పైకెళ్తుంది. మీటరు చూశాను. రెండున్నర. రెండూ ముప్పావు. అక్కడ ఆగాలి, మీకు నేను చెప్పిన మొదటి పాఠమే అది.

ఇంకాస్త మంట పెంచాను.

పలికింది సార్. వాల్వు తెరుచుకునే ముందు రెండంటే రెండు క్షణాలు, సరిగ్గా పలికింది.

వాళ్ళ పేర్లు తీసేయండి. తెచ్చింది నేను, మంట పెంచింది నేను. కారణం అనే గడిలో శ్రుతి కోసం అని రాయండి. అది రాయడానికి మీకు చెయ్యి రాకపోతే నిర్లక్ష్యం అని రాసుకోండి, శిక్ష ఎలాగూ ఒకటే.

సంతకం ఎక్కడ పెట్టమంటారు?