ముంచి ఉంచిన పడవ

"అమ్మా, మమ్మల్ని చంకనేసుకుని మూడేసి రోజులు పడవ మీద లంకలు తిరిగేదానివంట కదా. భయం వేసేది కాదా నీకు?"

ఎవరు చెప్పారే నీకు? మీ అన్నయ్యేనా? వాడికి అప్పుడు అయిదేళ్ళు, వాడికేం గుర్తుంటుంది, విన్నవి చెబుతాడు. చెబుతా, ఇట్టా వచ్చి కూర్చో శాంతీ. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, నా మాట నాకే వినపడట్లా.

ఎనభై ఆరు... కాదు కాదు, ఎనభై ఏడు. నువ్వు ఎనభై ఐదులో పుట్టావు, అప్పటికి నీకు రెండేళ్ళు నిండినయ్, అంటే ఎనభై ఏడే. నాకు కొల్లూరులో నర్సు ఉద్యోగం. మీ నాన్న తెనాలిలో గుమాస్తా. పొద్దున మొదటి బస్సుకి పోతే మళ్ళీ ఆఖరి బస్సుకే రావడం. లంకలు అంతకుముందు వేరే ఆవిడ చూసేది. ఆవిడకి బదిలీ అయింది, ఆ పని నా మీద పడింది. లంకలంటే తెలుసుగా, కృష్ణ మధ్యలో ఊళ్ళు. ఎటు చూసినా అరటి తోటలు. పోయిన చోటల్లా చేతిలో ఒక గెల పెట్టేవాళ్ళు, అప్పుడు గెల అయిదారు రూపాయలు, ఇప్పుడు ఆ డబ్బుకి గెలలో ఒక్క అత్తం కూడా రాదు. ఆఁ, ఏం చెబుతున్నా? టీకాల డబ్బాలో ఐసు పెట్టుకుని నెలకోసారి మూడు రోజులు పోవాలి. ఒక లంక నుంచి ఇంకో లంకకి పడవే. రాత్రిపూట ఏ బడి వరండాలోనో పడుకోవడం.

మిమ్మల్నిద్దర్నీ ఎక్కడ పెట్టిపోను? వాడు అల్లరి పిడుగు. నువ్వేమో ఇంకా పాలు మానలా. నవ్వకు, రెండేళ్ళొచ్చినా మానలా. బాపట్లలో మీ నాయనమ్మ ఒక్కత్తే ఉండేది, మీ తాతయ్య పోయి చాలా కాలమైంది గదా. 'పిల్లల్ని నా దగ్గర వదిలి నీ ఉద్యోగం నువ్వు చేసుకో' అని ఉత్తరం మీద ఉత్తరం. మిమ్మల్ని వదలడమంటే నాకు అన్నం దిగేది కాదు. పోనీ ఉద్యోగం మానదామా అంటే ఒక్క జీతంతో గడవదు. అదీగాక నాకు ఆ పని ఇష్టం, ఉన్నమాట చెప్పాలి గదా. సరే, పిల్లల్ని తీసుకునే పోదాం, కాస్త మంచి పడవ చూసుకుందాం అనుకున్నా.

ఇంజను పడవ ఒకటి ఉండేదిగానీ అది జనంతో, గడ్డిమోపులతో కిక్కిరిసిపోయేది. దాని వేళకి మనం పోవాలి, మనకోసం అది ఆగదు. అందుకని మనకంటూ ఒక చెక్క పడవ మాట్లాడుకోవాలి. రేవుకి పోయా. ఒడ్డున ఒక పడవ, కొత్తగా నీలం రంగేసి, అంచుకి తెల్ల గీత, చూడ్డానికి పెళ్ళికొడుకులాగా ఉంది. లోపలికి తొంగిచూస్తే అడుగున చుక్క నీళ్ళు లేవు, కడిగి ఆరబెట్టిన కంచమే. నేను నర్సుని గదమ్మా, పొడిగా శుభ్రంగా ఉంటే చాలు, నా కంటికి అదే మంచిది. ఓనరు కుర్రవాడు. అమ్మకానికొస్తే కొని, నాలుగు నెలలు పందిట్లో పెట్టి రంగులేయించాడంట. బాగా చూసుకుంటున్నాడనే అనుకున్నా.

దాని పక్కనే నీళ్ళలో ఇంకో పడవ. అంచు మాత్రమే పైకి కనపడుతుంది, తక్కినదంతా మునిగే ఉంది. గట్టు మీద ఒక తాత కాలికి గుడ్డ చుట్టుకుని కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. "పాపం, నీ పడవ మునిగిపోయిందే తాతా" అన్నా.

"మునగలేదు నర్సమ్మగారూ, నేనే ముంచాను" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

ఎందుకు ముంచావు అని అడగొచ్చుగా? అడగలా. ఎవరో చాదస్తపు మనిషిలే అనుకున్నా. అదే నేను చేసిన తప్పు.

ఆ నీలం పడవే మాట్లాడుకున్నా. మీ ఇద్దరికీ చాప పరిచి, పాలడబ్బా, బిస్కెట్లు, అన్నీ సర్దుకుని బయల్దేరాం. పావుగంట బాగానే ఉంది. తర్వాత చాప తడిగా తగిలింది చేతికి. నువ్వే పోశావనుకున్నా. చాప ఎత్తి చూస్తే చెక్కల సందుల్లోంచి, ఒక్కచోట కాదు, ఎక్కడపడితే అక్కడ నీళ్ళు ఉబికి వస్తున్నయ్. పైన పటారం లోన లొటారం అంటారే, అదీ. కుర్రవాడి మొహం పాలిపోయింది. గెడ వెయ్యనా, నీళ్ళు తోడనా అని వాడికే తెలియట్లా. నిన్ను ఒక చేత్తో భుజాన వేసుకుని, మీ అన్నయ్యని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పాలడబ్బాతో నీళ్ళు తోడిపోశా. తోడుతుంటే ఎక్కువవుతున్నయ్. నాకు ఈత రాదు. ప్రార్థన కూడా గుర్తుకి రాలేదమ్మా ఆ టైముకి. అదృష్టం బాగుండి ఒక ఇసుక తిన్నె దగ్గరే ఉంది, అక్కడ ఆనింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, టీకాల డబ్బా ఒకటి తడిసింది అంతే.

మీ అన్నయ్యకి అదంతా పెద్ద సరదా. వారం చివర్లో మీ నాన్న ఇంట్లో ఉంటే, చేతులు ఊపుకుంటూ మొత్తం చేసి చూపించాడు, నీళ్ళు ఇక్కడిదాకా వచ్చినయ్ నాన్నా అని. మీ నాన్న నన్ను తిడితే బాగుండు. ఆదివారం ఆరాధనైపోయాక బట్టలు సర్దాడు, మిమ్మల్నిద్దర్నీ తీసుకుని రైలెక్కి బాపట్ల పోయాడు. నేను గుమ్మంలో నిలబడి చూశా. ఏ మొహం పెట్టుకుని వద్దంటాను?

నెలా పది రోజులు. నెలా పది రోజుల తర్వాత నాకు సెలవు దొరికింది. లంక అరటిపళ్ళు పట్టుకుని బాపట్ల పోయా. మీ అన్నయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. నువ్వు రాలా. నాయనమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని, వెనక నుంచి ఒక కన్నుతో చూసి, "నర్సమ్మ వచ్చింది" అన్నావు.

ఇప్పటిదాకా నీకు ఎప్పుడూ చెప్పలా ఈ మాట. నీ తప్పేముందిలే, కొల్లూరులో అందరూ నన్ను పిలిచేది అట్టాగే గదా, నీకు ఆ పేరే గుర్తుంది. మీ నాయనమ్మ నిన్ను ముందుకి తోసింది, "మీ అమ్మే" అంది. నువ్వు ఏడ్చావు. తిరుగు రైల్లో తెనాలి దాకా కిటికీ వైపే మొహం పెట్టుకుని కూర్చున్నా. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. పిల్ల పాలు మానేసిందండీ అన్నా.

మర్నాడు పొద్దున్నే రేవుకి పోయా. ఆ తాత మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి, తన పడవలోంచి రాళ్ళు ఒక్కొక్కటే తీస్తున్నాడు. కాలికి దెబ్బ తగిలి రెండు నెలలు పనికి పోలేదంట, ఇప్పుడు తగ్గిందంట. ఈసారి అడిగా. "ఎందుకు ముంచుతావు తాతా?"

"చెక్క ఎండితే సందులు విడతాయమ్మా. నీళ్ళలో నానితే ఉబ్బి బిగుసుకుంటుంది. పని లేనప్పుడు రాళ్ళేసి ముంచి పెడతాం. మీరు ఆ రోజు ఎక్కింది నెలల తరబడి ఎండిన పడవ."

"మరి ఆ రోజు చెప్పొచ్చుగా నాకు?"

"చెబుదామనే అనుకున్నా. మీరు నవ్వుకుంటూ పోయారు" అన్నాడు.

మొహం చెల్లలా నాకు. అక్కడే గట్టు మీద కూర్చుని అన్నీ చెప్పా, నువ్వు నన్ను నర్సమ్మా అన్న సంగతితో సహా. వాళ్ళావిడ వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ళ నలుగురు పిల్లలూ ఆ పడవలోనే పెరిగారంట. ఆవిడే నాకు నేర్పింది. పిల్లాణ్ణి పడవలో నిలబెడితే అంచు వాడి చంకల దాకా రావాలి, అంతకన్నా లోతు తక్కువైతే పిల్లలకి పనికిరాదు. నీడకి తాటాకు కప్పు ఉండాలి. ఎండిన సొరబుర్రలు రెండు వీపుకి కట్టాలి, జారిపడినా తేలుతారు. పిల్లల్ని పడవకి కట్టకూడదు, మనిషికి కట్టుకోవాలి. మధ్యాహ్నం గాలి లేవకముందే ఒడ్డు చేరాలి. నర్సు చదువులో ఇవేవీ చెప్పలేదే నాకు.

ఆ తాత పడవలో పిల్లల్ని తీసుకుపోతానని మీ నాన్నకి చెబితే, "అమ్మ ఒప్పుకుంటే చూద్దాం" అన్నాడు. మీ నాయనమ్మ ఒప్పుకుంటుందా? ఉత్తరానికి జవాబు లేదు. వారం తిరిగేసరికి మిమ్మల్నిద్దర్నీ వెంటేసుకుని తనే దిగింది. "ముందు నేనెక్కుతా. పిల్లల్ని పంపాలో లేదో తర్వాత చెబుతా" అంది. అరవై దాటిన మనిషి, పడవ మొహం చూసి ఎరగదు.

మీ అన్నయ్యని నిలబెట్టి అంచు ఎందాకా వచ్చిందో తనే చూసింది. అడుగు తడిమి తడిమి చూసింది. బయల్దేరేముందు అందరం ప్రార్థన చేసుకున్నాం, ఆవిడ మాత్రం ఒక కన్ను తెరిచే ప్రార్థన చేసింది, ఆ కన్ను తాత మీదే. నువ్వు నా దగ్గరికి రానన్నావు. అందుకని పాత చీర పీలిక తీసి నీ నడుముకి ఒక కొస, మీ నాయనమ్మ నడుముకి ఒక కొస కట్టా. నా చేతుల్తో నేనే కట్టా.

మొదటిరోజు అట్టాగే గడిచింది. రెండో రోజు పొద్దున, ఎండ ఇంకా ముదరలా. నీళ్ళ మీద పడవ ఊగీ ఊగనట్టు పోతుంది. నువ్వు నాయనమ్మ ఒళ్ళో నిద్రపోతున్నావు. నేను అటు తిరిగి రిజిస్టరు రాసుకుంటున్నా. వీపు మీద ఏదో తగిలింది. చూస్తే నువ్వు. లేచి, పడవ అడుగున పాక్కుంటూ వచ్చి, నా జాకెట్టు పట్టుకుని లేచి నిలబడ్డావు. అమ్మా అని మాత్రం అనలా. నా మెడ దగ్గర మొహం పెట్టి వాసన చూసుకుంటున్నావు.

నేను కదల్లా. కదిలితే పోతావేమోనని. పీలిక అటు బిగుసుకుంది, ఇంక రాదు. మీ నాయనమ్మ మెల్లగా తన నడుము దగ్గర ముడి విప్పి, ఆ కొస నా చేతిలో పెట్టింది. పెట్టి, మొహం నీళ్ళ వైపు తిప్పుకుంది. పైట చెంగు మొహానికి పోవడం చూశా నేను. అప్పటిదాకా నా ఒడి ఖాళీ అయిందనే ఏడ్చుకున్నానుగానీ, మీరు వచ్చేస్తే ఆ బాపట్ల ఇంట్లో ఆవిడ ఒడి ఏమవుతుందో ఒక్కరోజన్నా అనుకోలేదమ్మా నేను.

"అత్తయ్యా, నెల నెలా మీరూ రండి. మీరు లేకపోతే నేను ఇద్దర్నీ పట్టలేనండి" అన్నా.

"నాకు పనేం లేదనుకున్నావా?" అంది. అని, నెల నెలా వచ్చింది. బాపట్లలో రైలెక్కి, తెనాలిలో దిగి, బస్సు పట్టుకుని, ఓపిక ఉన్నన్నాళ్ళు వచ్చింది. ఆ మూడు రోజుల కోసమే.

ఇప్పుడు నీకూ ఇద్దరు పిల్లలు, నీకూ ఉద్యోగం. నీ రెండు చేతులూ చాలని రోజు ఒకటి వస్తుంది, ఎవరికైనా వస్తుంది. ఆ రోజు నీ పక్కన ఇంకో ఒడి ఉండాలి తల్లీ. ఆ ఒడి ఉన్నావిడ మనసు నీకు తెలియాలి. దేవుడు నీకు ఆ రెండూ ఇవ్వాలి, ఇంకేం అడగను నేను... ఆవిడకి నేను ఒక్కసారి కూడా చెప్పలేదు చూడు, ఎంత మేలు చేశారత్తయ్యా అని. అనుకుంటూనే ఉన్నా, అనుకుంటూనే...