ఎడమకి తిరిగిన దళం

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఓ చిన్న ఊరు. జులై నాలుగు, వాళ్ళ స్వాతంత్ర్య దినం ఊరేగింపు ఇంకా కదల్లేదు. లాడ్జి అని పిలుచుకునే సోదర సంఘం వాళ్ళ జోకర్ల దళానికి డ్రమ్ము వాయించే ఆయన, ఇవాళ్టితో తప్పుకుంటున్న ముసలి కెప్టెన్ ముక్కుకి ఎర్రరంగు పూస్తున్నాడు. ఎన్నాళ్ళనించో దాచుకున్న మాట ఇప్పుడైనా చెప్పెయ్యాలని డ్రమ్ము ఆయన తాపత్రయం.

"అన్నా, నువ్వు వెళ్ళేలోగా ఒక్కమాట."

"ముందు ముక్కు వదల్రా, ఊపిరాడ్డం లేదు."

"మనమింకా జోకర్లం కాక, సిపాయిల్లా కవాతు చేసే రోజుల్లో, మంగలిషాపు మూల అందరూ కుడికి తిరగాలి. నేనొక్కణ్ణే ఎడమకి తిరిగా. జనం పగలబడి నవ్వారు. నువ్వు దళం మొత్తాన్నీ నా వెనక తిప్పేసరికి నవ్వుతూనే చప్పట్లు కొట్టారు. నా పరువు కాపాడావు."

"కాపాడానా! కుచ్చుటోపీ కళ్ళమీదికి జారిందిరా. డ్రమ్ము చప్పుడు విని వచ్చేశా, అంతే."

"ఓరి దేవుడా! ఇన్నేళ్ళూ నీకు దణ్ణాలు పెట్టుకున్నానే!"

"పెట్టుకో, ఎవడొద్దన్నాడు? ఆ సాయంత్రం అందరూ నిన్ను తీసెయ్యమన్నారు. 'మన కవాతుకి ఇన్నాళ్ళూ ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు, ఇవాళ కొట్టారు. ఇకనించి వీడెటు తిరిగితే మనమూ అటే' అన్నాను. అది మాత్రం టోపీ తీసి చేత్తో పట్టుకునే అన్నాన్రా."

డ్రమ్ము ఆయన రంగు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకోబోయాడు.

"ఒరేయ్, ఏడవకు. మొహమ్మీద గీసుకున్న నవ్వంతా కారిపోతోంది."