ఇరవై నాలుగు రెట్ల గురి

జర్మనీలో ఎష్‌బోర్న్ దగ్గర వేట సామాన్ల దుకాణం. శుక్రవారం మధ్యాహ్నం. శశికాంత్, అతని భార్య మనోజ్ఞ. కౌంటర్ వెనక దుకాణం పెద్దాయన.

“తుపాకి మీదికి ఈ స్కోపే తీస్కుంట. ఇరవై నాలుగు రెట్లు! చూడు మనూ, రోడ్డవతల బేకరీల బ్రెడ్డు మీది గసగసాలు లెక్కపెట్టొచ్చు.”

“రేపు నువ్వు కొట్టేది గసగసాలనా, పందినా?”

“స్కోపంటే దూరం కనబడాలె గదా.”

“పంది అరవై మీటర్ల కాడికే వస్తదని మీ బాస్ చెప్పిండంటివి. గంత దగ్గర్ల ఇరవై నాలుగు రెట్లేంది శశీ? పంది కనబడది, దాని వెంట్రుక కనబడ్తది.”

“వెంట్రుకను బట్టి పోల్చుకుంట.”

“ఊకో! ఇందాక పెద్దాయన ఏం చెప్పిండు? పొద్దుగూకినంక అడవిల వెలుతురే ముఖ్యమట. ఎనిమిది రెట్లు చాలట. ముంగటి అద్దం వెడల్పుండాలె, నడుమ ఎర్ర చుక్క వెలగాలె. చీకట్ల గురి చూసే నల్ల గీతలు కానరావట.”

“అమ్ముకునేటోడు అట్లనే అంటడు.”

“ఆయన చెప్పింది దీంట్ల సగం రేటు! అమ్ముకునేటోడు తక్కువది అంటగడ్తడా?”

“ఇది… మంచి కంపెనీ.”

“రెండూ ఒక్కటే కంపెనీ.”

“డబ్బా బాగుంది.”

“శశీ, నా దిక్కు చూడు. రేపు మీ బాస్ క్రూగర్ సార్‌తోని మంచె ఎక్కుతున్నవ్. టీమ్ లీడ్ ఎవలో సోమవారం చెప్తడు. యాగ్డ్‌షైన్, గదే వేట లైసెన్సు, పరీక్షల ఉరికే బొమ్మ పందిని ఐదుకైదు కొట్టినవని ఆఫీసంతా మెయిల్ పెట్టిండాయన. రేపు గురి తప్పితే ఏం పరువుంటది?”

“అందుకే…”

“అందుకే ఏంది?”

“ఏం లేదు.”

“అందుకే అన్నవ్.”

“ప్యాక్ చేయమను మనూ.”

“చెప్పేదాంక చేయనియ్య.”

“అరే, గురి తప్పితే స్కోపు మీదికి తోస్త! చాలా? చెయ్యి వణికిందంటే నామోషీ. ‘సారీ సార్, తప్పు స్కోపు కొన్న’ అంటే జర్మనోళ్లు అర్థం చేస్కుంటరు.”

“కావాలనే తప్పిస్తవా?”

“నాతోని కాదు మనూ. బొమ్మంటే కాగితం. ఇది పానమున్నది.”

“మరి ఆర్నెల్లు అంతగనం ఎందుకు చదివినవ్?”

“పరీక్షన్నరు! ప్రశ్నల బ్యాంకిచ్చిన్రు! ఎంసెట్ లెక్క బట్టీ కొట్టుకుంట పోయిన. ఫస్టొచ్చినంక యాదికొచ్చింది, దీని తర్వాత చంపుడుంటదని.”

“మొన్న బిర్యానీల నాలుగు ముక్కలు ఎక్కువేయించుకున్నవ్!”

“ఆ కోడి నా మొఖం చూడలే.”

“ఓరి దేవుడా! పేరు గొప్ప, ఊరు దిబ్బ. ముందే రానని చెప్పరాదా?”

“ఆయనతోని మంచె ఎక్కనోనికి టీమ్ లీడ్ ఇచ్చిండా ఎన్నడన్న? మూడేండ్లు గొడ్డు లెక్క పనిచేసిన. అది పోతే నాకు ఏడుపొస్తది. పందిని కొడ్తే ఇంకా ఎక్కువొస్తది. భయమైతాంది మనూ, నవ్వకు.”

“నవ్వుతలే.”

“నవ్వుతున్నవ్.”

“నేను గాదు, పెద్దాయన నవ్వుతుండు. మన మాటల్ల క్రూగర్ పేరు విన్నడట. ఏదో చెప్తుండు, ఆగు.”

“ఏమంటుండు? ఈ హెస్సెన్ దిక్కు జర్మన్ యాస నాకు సగం అర్థంగాదు.”

“ఇంత తప్పు స్కోపు ఇంత పట్టుబట్టి అడిగినోన్ని ఇరవై ఏండ్లల ఇంకొక్కన్నే చూసిండట.”

“ఎవలట?”

“మీ క్రూగర్ సారట. ఇప్పటిదాంక ఒక్క పంది పడలేదట, ఏటేటా స్కోపు బాలేదని మార్చుకపోతడట.”