ఆగయ్యన్న రెండో పిడికెడు

పాస్టర్ గారూ, సంఘ పెద్దలారా, అక్కలారా, అన్నలారా. ఈ ఎండలో జల్‌పల్లి నుంచి రెండు ఆటోలు మారి వచ్చినవాళ్లున్నారు. పత్తర్‌గట్టిలో దుకాణం మూసి వచ్చిన ఖదీర్ భాయ్ ఉన్నారు. డ్యూటీ బట్టల్లోనే వచ్చి వెనక నిలబడ్డ నీళ్ల ఆఫీసు కార్మికులున్నారు. సైదాబాద్‌లోని మన చిన్న మందిరం పండుగనాడు కూడా ఇంతగా నిండదు. అందరికీ నా దండాలు.

మన ఆగయ్య పోయి ఈ రోజుకు పదకొండు రోజులు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి. పొద్దున చాయ్ తాగి, ఛాతీలో మంటగా ఉందన్నాడట. దవాఖాన చేరేలోపే అయిపోయింది. నిన్నటిదాకా సైకిల్ మీద తిరిగిన మనిషి ఇక లేడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

నన్ను మాట్లాడమన్నారు. సంఘ కార్యదర్శిని, ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన హెడ్‌మాస్టర్‌ని, మాటలు వచ్చినవాణ్ని కదా. పోయినవాళ్ల గురించి ఈ మైకు ముందు ఎన్నోసార్లు మాట్లాడాను. మంచివాడు, ప్రార్థనాపరుడు, అందరికీ తలలో నాలుక. ఆ మాటలు మీకు కూడా కంఠతా వచ్చి ఉంటాయి. ఈ రోజు అవి చెప్పను. ఆగయ్య మీద ఈ సంఘం ఒక మచ్చ వేసింది. కసంబా బియ్యం వృథా చేశాడన్న మచ్చ. అది ఆయనది కాదు. నాది. కృపాకర్ సార్ అని మీరంతా లేచి నిలబడి దండం పెడతారే, ఆ కృపాకర్‌ది. ఆ మాట చెప్పడానికే వచ్చాను. మధ్యలో లేచి వెళ్లిపోయేవాళ్లు వెళ్లండి, నేనేమీ అనుకోను. ఆగయ్య ఇంటావిడ కళావతి వదిన పూర్తిగా వినేదాకా మాత్రం ఈ మైకు వదలను.

సంగతి తెలియనివాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని మొదటి నుంచి చెబుతాను.

నాలుగేళ్ల కింద మన ఆరాధనకు చిసోమో అనే అమ్మాయి రావడం మొదలుపెట్టింది. ఆఫ్రికాలో మలావీ దేశం వాళ్లది. ఇక్కడ నర్సింగ్ చదువుకునేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు విడిచేచోట నిలబడి ఆగయ్య ఆ పిల్లను ఒక మాట అడిగాడు, నన్ను ఇంగ్లీషులో చెప్పమన్నాడు. "మీ ఊర్ల నల్లా ఎన్ని గంటలకు ఇడుస్తరు బిడ్డా?" ముప్పై ఏళ్లు పాతబస్తీ గల్లీల్లో నల్లా నీళ్లు విడిచిన లైన్‌మన్ ఇంకేం అడుగుతాడు? ఎవరి ఊరి పేరు విన్నా ఆయనకు ముందు ఆ ఊరి నీళ్లే గుర్తుకొచ్చేవి. ఆ పిల్ల నవ్వి, మా కసంబాలో నల్లా లేదంది. ఎండాకాలంలో ఆడవాళ్లు వాగు దాకా నడిచిపోయి, ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీళ్లు తోడుకుంటారంది. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. ఆగయ్య సైకిల్ తీసుకొని వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి, మన సంఘం కసంబాలో ఒక బోరు వేయించాలన్నాడు. గుర్తుందా మీకు? అందరూ నవ్వారు. అందరికంటే ముందు నేను నవ్వాను. మన గుడి రేకులు కారుతున్నాయి, మన గల్లీకే రోజు విడిచి రోజు నల్లా, ఆఫ్రికాకు బోరు వేస్తామా అన్నాను. ఆయన నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు: "రోజిడిచి రోజన్న వస్తున్నయి గద సార్." అంతే, కూర్చున్నాడు.

సరే, బోరుకు పైసలు ఎక్కడివి? మన సంఘంలో ఎవరున్నారు? మేస్త్రీలు, ఆయాలు, స్వీపర్లు, ఆటో నడిపేవాళ్లు. బయటినుంచి వచ్చినవాళ్ల కోసం మా ఆనవాయితీ ఒకటి చెప్పాలి. మా ఇళ్లలో పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేరిట వేరే డబ్బాలో పోస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తారు. మా అమ్మలు చేశారు, మా కోడళ్లు చేస్తున్నారు. ఆగయ్య ఇల్లిల్లూ తిరిగి అడిగింది ఒక్కటే. "దేవునికి ఒక పిడికెడు తీస్తనే ఉన్నరు గద అక్కా. ఇంకో పిడికెడు తియ్యుండ్రి, కసంబకు." ఏ ఇంట్లోనూ కాదనలేదు. కళావతి వదిన పాత చీరలు చింపి అరవై ఇళ్లకు అరవై సంచులు కుట్టింది. ప్రతి శనివారం ఆగయ్య జల్‌పల్లి కొత్త కాలనీల దాకా సైకిల్ తొక్కి ఆ సంచులు తెచ్చేవాడు.

ఆ బియ్యాన్ని కోత పండుగనాడు గుడి ముందు వేలం వేసేవాళ్లం. మా వేలం సంగతి మీకు తెలుసు. పాడినవాడు బస్తా ఇంటికి తీసుకుపోడు, మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాట మొదలవుతుంది. ఒక్క బస్తా అయిదారుసార్లు అమ్ముడుపోతుంది. మొదటి ఏడు వేలానికి ఆగయ్య పత్తర్‌గట్టి వెళ్లి, నల్లా విడిచిన రోజుల పరిచయంతో ఖదీర్ భాయ్‌ను పిలుచుకొచ్చాడు. ఖదీర్ భాయ్ ఒక బస్తా పాడి, అక్కడే వదిలేసి, "పానీ పిలానా సవాబ్ కా కామ్ హై, ఆగయ్య భాయ్" అని వెళ్లిపోయారు. నీళ్లు తాపడం పుణ్యమన్న ఆ మాట చెప్పుకొని ఆగయ్య నెల రోజులు మురిసిపోయాడు.

రెండో ఏడు శ్రమల కాలం వచ్చింది. నలభై రోజుల ఉపవాసాలు. చాలా ఇళ్లలో శుక్రవారం ఒక పూట పస్తుండి, ఆ పూట బియ్యం కూడా కసంబా సంచిలో పోశారు. గుడి వెనక గదిలో ఎనిమిది బస్తాలు అయ్యాయి. గది తాళంచెవి ఆగయ్య మొలతాడుకు కట్టుకునేవాడు.

ఈస్టర్ తర్వాతి ఆదివారం మన గుడి యాభై ఏళ్ల పండుగ. పట్నంలోని సంఘాలన్నీ వచ్చాయి. ప్రేమ విందు బాధ్యత నాది. వేళకు దుకాణం నుంచి బియ్యం రాలేదు. వంటవాళ్లు గంజుల్లో ఎసరు పెట్టి నా ముఖం చూస్తున్నారు. వేదిక మీద పెద్దలంతా కూర్చున్నారు. నా పరువు ఏం కాను? ఆగయ్య దగ్గరికి పోయి, చాపలు తీయాలి, తాళంచెవి ఇవ్వు అన్నాను. ఇచ్చాడు. అబద్ధం చెప్పి తీసుకున్నాను తల్లులారా. గది తెరిచి వంటవాళ్లకు ఎనిమిది బస్తాలూ చూపించాను. సాయంత్రానికి దుకాణం బియ్యం వస్తుంది, బస్తాకు బస్తా పెట్టేస్తాను, బియ్యం ఏదైతేనేం అనుకున్నాను.

కానీ అది అరవై ఇళ్ల బియ్యం. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి రేషన్ దొడ్డుబియ్యం, ఒకరివి పాతవి, ఒకరివి కొత్తవి. అన్నీ ఒకే గంజులో ఉడికితే ఏమవుతుంది? ఒక మెతుకు మెత్తన, ఒక మెతుకు పలుకు. పంక్తిలో కూర్చున్నవాళ్లంతా వంటవాణ్ని తిట్టారు. ఆగయ్య మాత్రం మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని ఆగిపోయాడు. ఆయనకు అర్థమైపోయింది. తలెత్తి, పంక్తి చివర నిలబడ్డ నన్ను చూశాడు. నేను ముఖం తిప్పుకొన్నాను. ఆ ముద్ద ఎట్లాగో మింగి, విస్తరి మడుచుకొని లేచిపోయాడు. ఆడవాళ్లు పస్తులుండి పోసిన కసంబా బోరును మనం ఆ రోజు బగార అన్నం చేసుకొని తిన్నాం.

దుకాణం బియ్యం రానే లేదు. కసంబా బస్తాలు వంటకు పోయాయని తెలిసి మూడో రోజు కమిటీ కూర్చుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండిందని అడిగారు. ఆగయ్య లేచాడు. "నా తాననే ఉండె. తప్పు నాదే." వంటవాళ్లను అడిగితే తెలిసిపోయేది. కానీ ఎవరు అడుగుతారు? నల్లా తిప్పే మనిషి తప్పు చేశాడంటే నమ్మడం ఎంత సులభం. హెడ్‌మాస్టర్ చేశాడంటే నమ్ముతారా? మీరు నమ్మలేదు. నేను నమ్మనివ్వలేదు.

బయటికి వచ్చాక గేటు దగ్గర ఆయన చేయి పట్టుకున్నాను. ఎందుకు చేశావు ఆగయ్యా అన్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను, వినండి. "నీ పేరు బయటికొస్తె మస్తు లొల్లయితది సార్. కమిటీ మీదనే నమ్మకం పోతది. ఆడోళ్లు పిడికెడు బంద్ జేస్తరు. నా పేరయితె నన్నొక్కన్ని తీసేస్తరు, పని నడుస్తది. బోరు పడనియ్యి. అటెన్క నువ్వే చెప్పు, ఫికర్ జెయ్యకు." ఆయన కోరింది అంతే. బోరు పడ్డాక నేను చెప్పాలి.

ఆయన్ను తీసేశాం. తీర్మానం నేనే రాశాను. సంచులు తెచ్చే పని వేరేవాళ్లకు ఇచ్చాం. కొందరు ఆయనకు బియ్యం ఆగయ్య అని పేరు పెట్టారు. ఇక్కడే ఉన్నారు వాళ్లు, తల దించుకోనక్కరలేదు, మీకంటే పెద్ద దోషి మైకు ముందు ఉన్నాడు. ఆ ఏడు వేలానికి సగం మంది రాలేదు. బోరు ఒక ఏడాది ఆలస్యమైంది. ఒక ఏడాది అంటే ఏమిటి? కసంబా ఆడవాళ్లు రోజుకు మూడు గంటల చొప్పున ఇంకో ఎండాకాలం నడిచారు. నా పండుగ పరువు ఖరీదు అది.

అప్పుడు నేను ఎనిమిది బస్తాలు కొని పెట్టలేనా? ఆ మాత్రం స్తోమత ఉంది. కొంటే ఎందుకు కొన్నావని అడుగుతారని కొనలేదు. మనిషి ఎంత దిగజారుతాడో చూడండి.

పోయిన ఏడు ఆగస్టులో బోరు పడింది. చదువు ముగించి తన ఊరికి వెళ్లిన చిసోమో ఫొటోలు పంపింది. చేతి పంపు చుట్టూ ఆడవాళ్లు, పిల్లలు. ఇదే గుడిలో తెర మీద చూపిస్తే మీరంతా చప్పట్లు కొట్టారు, పాటలు పాడారు. ఆగయ్య తెర దగ్గరికి పోయి, కళ్లద్దాలు తుడుచుకొని చూసి, నన్ను ఒక్కటే అడిగాడు. "పంపు కాడ పడ్డ నీళ్లు పోనీకి కాలువ తీసిండ్రా సార్? లేకపోతె బురదయి దోమలయితయి." తన పేరు ఎక్కడైనా ఉందా అని అడగలేదు. ఇక చెబుతావా అని కూడా అడగలేదు.

పేరు లేదు. పంపు పక్కన పలక మీద చెక్కడానికి, సాయం చేసిన వాళ్ల పేర్లు చిసోమో అడిగింది. జాబితా నా చేత్తో రాసి పంపాను. మొదట నా పేరు పెట్టుకున్నాను. బియ్యం విషయంలో మచ్చ ఉందని కమిటీలో ఒకరంటే, సరేనని ఆగయ్య పేరు కొట్టేశాను. ఆ పిల్ల అక్కడినుంచి మళ్లీ రాసింది, నల్లా తాత పేరు ఏది అని. నేను జవాబు ఇవ్వలేదు.

బోరు పడి పది నెలలు. ప్రతి ఆదివారం ఆయన నాకు ఎదురుపడేవాడు. ప్రతి ఆదివారం "మంచిదా సార్" అనేవాడు. ఈ వారం చెబుతాను, క్రిస్మస్ కానీ, ఈస్టర్ కానీ, మనవరాలి పెళ్లి అయిపోనీ అనుకుంటూ వచ్చాను. నాకు టైం ఉందనుకున్నాను. ఆయనకు లేదని నాకెట్లా తెలుసు? పదకొండు రోజుల కింద మట్టి వేసేటప్పుడు పిడికెడు మన్ను వేయకుండా పట్టుకొనే నిలబడ్డాను. మీరు దుఃఖమనుకున్నారు. అది భయం. ఇక ఆయన్ను క్షమించమని అడగడానికి వీల్లేదని అప్పుడు తెలిసింది.

నిన్న చిసోమోకు ఉత్తరం రాశాను. జరిగినదంతా రాశాను. పలక మీద నా పేరు చెక్కించి ఉంటే గీకేయమన్నాను. ఆగయ్య పేరు పెట్టమన్నాను. నా రాజీనామా పాస్టర్ గారి చేతిలో ఉంది. రేపు కమిటీ ఏం చేసినా తల వంచుతాను. రెండో పిడికెడు మాత్రం ఆపకండి తల్లులారా. నా మీద కోపం ఆ సంచి మీద చూపించకండి. దాని కోసమే ఆయన ఇంత మోశాడు.

వదినా. మీరు ఆయన్ను అడిగే ఉంటారు, నిజంగా నీ తప్పేనా అని. ఆయన మీకు కూడా చెప్పలేదని మొన్న మీ మాటల్లో నాకు తెలిసింది. మూడేళ్లు ఈ గుడిలో మీ పక్కన ఎవరూ కూర్చోలేదు. మీ సంచి తీసుకునేటప్పుడు తూకం చూసినవాళ్లు ఉన్నారు. అన్నీ చూశాను. చూసి ఊరుకున్నాను. ఆయన నాకంటే అయిదేళ్లు పెద్ద. ఒక్కనాడైనా అన్నా అని పిలవలేదు. ఆగయ్యన్నా, నువ్వు చెప్పమన్న మాట చెప్పిన. ఆలస్యం చేసిన.

సభ ముగించే ముందు రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. మూడేళ్లు నేను నోరు మూసుకున్నది నా కోసం. ఈ రెండు నిమిషాలు ఆయన కోసం మూసుకుంటాను. పాస్టర్ గారూ, పెద్దలారా, ఖదీర్ భాయ్, అక్కలారా, అన్నలారా, అందరూ లేచి నిలబడండి. ఆయన ఫొటో వైపు కాదు, కళావతి వదిన వైపు తిరిగి నిలబడండి.

వదినా, మీరు లేవకండి. మీరు కూర్చోండి. మేం నిలబడతాం.