తూములో పోసిన వేడినీళ్లు

ఆ ఫోన్ కాస్త పక్కన పెట్టమ్మాయ్. ఎవడో రెండే నక్షత్రాలు ఇచ్చాడని దయ్యాల సినిమా చూడ్డం మానేస్తావా? మా షాద్లీ తీసినదానికి అర నక్షత్రం కూడా రాలేదు. ఏ షాద్లీ అంటావేం, మన బిజెర్త్ ఊరి బళ్లోనే పాఠాలు చెప్పేవాడు, సన్నగా... నువ్వప్పటికి పుట్టలేదులే. అయినా నేను చెప్పేది వాడి గురించి కాదు, వాడి పిన్ని మన్నూబియా గురించి. రేవు వెనకాల ఆడవాళ్ల స్నానాల హమ్మామ్‌లో పొద్దస్తమానం వేడినీళ్లు తోడి, వీపులు రుద్ది బతికిన మనిషి. చదువు లేదు గానీ, నోరుంది.

సినిమా ఏమిటంటే, చచ్చిపోయిన అక్క గొంతు ఒక పిల్లకి గోడలోంచి వినిపిస్తుంటుంది. నిజంగా అక్కేనా, పిల్లకే మతి చెడిందా, చివరిదాకా తేల్చడు. ఆదివారం మధ్యాహ్నం మా ఫిల్మ్ క్లబ్‌లో వేశాం. రాజధాని ట్యూనిస్ నుంచి సినిమాల మీద రాసే పత్రికాయన వచ్చాడు. ఆయన బాగుందని రాస్తేనే అక్కడ సినిమా ఆడించడానికి హాలు ఇస్తామన్నారు మరి. షాద్లీ మూడు రోజులుగా ముద్ద మింగలేదు. తెర మీద ఆ పిల్ల వంటింట్లో మరిగే నీళ్లు తెచ్చి, నోట మాట లేకుండా తూములో గుమ్మరించింది చూడూ, హాలు హాలంతా ఒక్కసారిగా "బిస్మిల్లా" అంది. అనరా మరి? తూముల కింద జిన్నులుంటాయి, దేవుడి పేరు చెబితే పక్కకి తప్పుకుంటాయి, చెప్పకుండా ఒళ్లు కాలిస్తే ఊరుకుంటాయా? పిల్ల మర్చిపోయింది, దాని బదులు మేమన్నాం.

ఆట అయ్యాక చర్చ. పత్రికాయన కళ్లజోడు తుడుచుకుంటూ, "భయపెట్టే సినిమా అంటే జనం బిగుసుకుపోవాలి. మీవాళ్లు గోల చేశారు, ఎగతాళి చేశారు. సినిమా తేలిపోయింది" అన్నాడు. వెనక వరసలోంచి మన్నూబియా లేచింది. "ఎవరు చేశారు నాయనా ఎగతాళి? ఆ పిల్లకి ఏమవుతుందోనని మా గుండెలు జారిపోతే, నీకు గోలలా వినిపించిందా?" ఆయన చిన్నగా నవ్వి, "అవి బొమ్మలమ్మా" అన్నాడు. ఈవిడ వదుల్తుందా? పక్క కాఫీ కొట్లోంచి పొగలు కక్కే కెటిల్ తెచ్చి ఆయన చేతికిచ్చింది, క్లబ్ పెరట్లో తూము దగ్గర నిలబెట్టింది. "నీళ్లు పొయ్యి. ఏమీ అనకుండా పొయ్యి." పోశాడు. పెదాలు కదిలాయి. అందరం చూశాం. "ఇప్పుడు నువ్వెవర్ని ఎగతాళి చేశావు నాయనా?" అంది.

అయినా ఏం రాశాడో తెలుసా? జనం నవ్వుకున్నారని రాశాడు. హాలు దక్కలేదు, షాద్లీ మళ్లీ కెమెరా ముట్టలేదు. ఆ ముక్క నేనే చదివి వినిపించాను మన్నూబియాకి. "రాసుకోనీ. వాడు భయపడ్డాడని వాడికీ తెలుసు, నాకూ తెలుసు" అంది. తను చనిపోయేదాకా హమ్మామ్‌కి వచ్చిన ప్రతి ఆడదానికీ ఆ కథ మొత్తం చెప్పి వణికించి పంపేది. ఏ పత్రిక ఆపగలిగింది ఆవిణ్ణి?

నేనా? ఆ క్లబ్ కార్యదర్శిని నేనే. పత్రికాయన పక్క కుర్చీలోనే ఉన్నాను. హాల్లో అందరితో పాటు నేనూ బిస్మిల్లా అన్నాను. వెళ్లేముందు ఆయన, మీరూ నవ్వుకునే అన్నారా అని నన్నడిగితే... చదువుకున్నవాణ్ణి కదా, అవునన్నాను.

ఆ తలుపు వెయ్యమ్మా. సముద్రం గాలి కొడుతోంది.