అడుగు అంతస్తు తాళంచెవి

1984. పాత ఓడల సామాన్లు వేలం వేసే మద్రాసు ఆసామి ధర్మపురిలో ఒక ఇంటి ముందుగదిలో కూర్చుని ఇత్తడి తాళంచెవి తిప్పి చూస్తున్నాడు.

"మునిగిపోయిన రంగూన్ ఓడది. మీకెట్ల వచ్చింది?"

"మా నాయన దాంట్లో కావలి సార్. ఈది బయటపడినాడు. వేలంలో మంచి రేటు వస్తుందా?"

"ఏ తలుపుది?"

"అడుగున కూలోళ్లుండే గదిది. గోల చేస్తారని తాళం వేసేవాడంట."

"మునిగేటప్పుడు తీసినాడా?"

"తీసే ఉంటాడు సార్."

"ఆ గదిలోనుంచి ఒక్కరూ బయటికి రాలేదు. మా అమ్మ కూడా."

"సార్... నాయనకి ఇప్పుడు ఎనభై ఏండ్లు. వెనకగదిలో నిద్రపోతా ఉండాడు."

"చూసినాను. నువ్వు కాఫీ తేను పోయినప్పుడు."

"ఏం చేసినారు?"

"ఆ గదికి బయట తాళం వేసి, దాని తాళంచెవి బావిలో పడేసినాను. పొగ వాసన నీకింకా రాలేదా?"